తులం అంటే ఎన్ని గ్రాములు? దాదీ మెహర్ చెప్పిన హిసాబ్

మా దాదాజాన్ ఇంతెఖాల్ అయ్యాక ఇంట్లో తర్కా పంచే మాట వచ్చింది. పంపకానికి ముందు ఖర్జ్ తీర్చాలి కదా. ఆ ఖర్జుల్లో మొదటిది దాదీ మెహర్. 1951లో కర్నూలులో జరిగిన నికాహ్ అది. పాత సందూఖ్‌లోంచి తీసిన నికాహ్‌నామాలో ఐదు తులాల బంగారం అని రాసి ఉంది. దాదాజాన్ తన జిందగీలో దాన్ని ఇవ్వలేకపోయారు.

"ఐదు తులాలంటే 50 గ్రాములు. రేపే తెచ్చేద్దాం" అన్నారు చిచ్చా.

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న దాదీ, "బేటా, మా నికాహ్ నాటికి గ్రాములెక్కడివి? అప్పటి తులం అంటే రూపాయి బిళ్ళ తూకం" అన్నారు.

ఆ ఒక్క మాటతో నేను ఈ తారీఖ్ వెనకాల పడ్డాను.

మన సోనార్ల పాత లెక్క ఇది: 8 రత్తీలు ఒక మాషా, 12 మాషాలు ఒక తులం. అంటే తులానికి 96 రత్తీలు. రత్తీ అంటే మరేమీ కాదు, మన ఊళ్ళలో కంచె మీద పాకే గురివింద తీగ గింజ. కానీ ఏ రెండు గింజలూ సరిగ్గా ఒకే బరువు ఉండవు. అందుకే హుకూమత్‌లు గింజను నమ్మకుండా నాణేన్ని నమ్మాయి. 16వ శతాబ్దంలో షేర్‌షా సూరీ వేయించిన వెండి రూపాయి సుమారు 178 గ్రెయిన్లు తూగేది. 1833లో ఈస్ట్ ఇండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. రూపాయి బిళ్ళా అంతే బరువు. ఆ 180 గ్రెయిన్లను ఇప్పటి కొలతలోకి మారిస్తే 11.6638 గ్రాములు. దాదీ చెప్పింది అక్షరాలా సహీ.

తులం స్థిరపడినా పైకొలతలు మాత్రం ఇలాఖాకో తీరు. బెంగాల్ వైపు 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మన్. అంటే మన్‌కి 37.32 కిలోలు. మద్రాసు కింద ఉన్న మన జిల్లాల్లో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. అది 11 కిలోల పైచిలుకు మాత్రమే. రెండింటినీ ఇంగ్రేజీలో ఒకే మాటతో రాసేవారు. తాజిర్లు ఎంత అవస్థ పడి ఉంటారో ఊహించండి.

ఆజాదీ తర్వాత, 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల చట్టం చేసింది. 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా కిలో, గ్రాము బజారులోకి వచ్చాయి. బంగారం భావ్ పది గ్రాములకు చెప్పడం మొదలైంది. జనం నోట్లో తులం పోలేదు, ఆ పది గ్రాములకే అంటుకుంది. పేరు పాతది, తూకం కొత్తది. తులానికి 1.66 గ్రాముల ఫరఖ్.

ఇక్కడ ఒక సంగతి. తరాజు బరువును విడిగా చెప్పదు. ఒక పళ్ళెంలో సరుకు, రెండో పళ్ళెంలో రాయి. రెండూ సమానమా కాదా, అంతే చెబుతుంది. అది పోల్చేది ద్రవ్యరాశిని. చంద్రుడి మీద భూమి లాగే బలంలో ఆరో వంతే ఉంటుంది, స్ప్రింగు కాటా అక్కడ ఆరో వంతే చూపిస్తుంది. తరాజు మాత్రం మారదు, ఎందుకంటే రెండు పళ్ళేలూ ఒకేలా తేలికవుతాయి. కానీ ఎవరైనా రెండో పళ్ళెంలోని రాయిని మార్చేసి పాత పేరే ఉంచితే, తరాజు దాన్ని పట్టుకోలేదు. తులం విషయంలో జరిగింది అదే.

దీని అసర్ జకాత్ మీద కూడా పడుతుంది. బంగారం నిసాబ్ 20 మిస్ఖాల్‌లు, వెండి నిసాబ్ 200 దిర్హంలు. మన హిందుస్తానీ ఉలమాల లెక్కలో ఇవి ఏడున్నర తులాలు, యాభై రెండున్నర తులాలు. అసలు తులంతో గుణిస్తే 87.48 గ్రాములు, 612.35 గ్రాములు. పది గ్రాముల తులంతో గుణిస్తే 75, 525 వస్తాయి. అది గలత్. అరబ్బు దేశాల్లో ఉన్న మన బంధువులు 85, 595 అంటారు. అది తప్పు కాదు. ఖలీఫా అబ్దుల్ మలిక్ 7వ శతాబ్దం చివర వేయించిన దీనార్ 4.25 గ్రాములు, దాన్ని 20తో గుణించిన లెక్క అది.

ఇక మా ఇంటి ఫైసలా. 1951 నాటి వాదా 1951 నాటి తులంతోనే తీరాలని అబ్బా అన్నారు. చిచ్చా మారు మాట్లాడలేదు. ఐదు తులాలు, 58.32 గ్రాములు. దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా మీద ఆ అంకె కనబడేదాకా అబ్బా కళ్ళార్పలేదు. దాదీ చేతిలో పెట్టినప్పుడు ఆమె ఆ బంగారాన్ని చూడలేదు, కొడుకుల మొహాలు చూశారు. "మీ బావా హఖ్ అదా అయింది" అన్నారు.

ఆ 8.32 గ్రాములు మా కళ్ళ ముందే పోయేవి. ఎవరూ మోసం చేయకుండానే, ఒక పదం మూలంగా. అందుకే ఇప్పుడు మా ఖాందాన్‌లో ఏ నికాహ్ అయినా, మెహర్ దగ్గర తులాలతో పాటు గ్రాములూ రాయిస్తున్నాం. మీ ఇంట్లో పాత నికాహ్‌నామా ఉంటే ఒకసారి తీసి, అందులో సన్ చూడండి.