ప్రాసెసర్ వర్డ్ సైజు

ప్రాసెసర్ ఒక విడతలో పట్టుకుని పనిచేసే బిట్ల సంఖ్యే వర్డ్ సైజు. నేటి కంప్యూటర్లు, ఫోన్లు చాలావరకు 64 బిట్లవి.

తొలినాళ్లలో ఎవరి కొలత వారిదే. పీడీపీ-10 కంప్యూటర్ వర్డు 36 బిట్లు, సీడీసీ 6600 కంప్యూటర్ వర్డు 60 బిట్లు. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360తో 8 బిట్ల బైటు, 32 బిట్ల వర్డు పాతుకుపోయాయి. మైక్రోప్రాసెసర్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాయి: 1971లో ఇంటెల్ 4004కు 4 బిట్లు, 1978లో 8086కు 16, 1985లో 80386కు 32. క్రే-1 సూపర్ కంప్యూటర్ మాత్రం 1976కే 64 బిట్లది.

బిట్లు పెరిగితే వేగం పెరుగుతుందన్నది అమ్మకందారుల మాట. అసలు ఒత్తిడి మెమరీ చిరునామాలది. 32 బిట్లతో దాదాపు 429 కోట్ల బైట్లకే, అంటే 4 జీబీకే చిరునామాలు చాలుతాయి. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీలో 4 జీబీ ర్యామ్ వేసినా సుమారు 3.25 జీబీయే కనిపించేది. మిగతా చిరునామాలు గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకు పోయేవి. ఈ హద్దు దాటే ప్రయత్నంలో 2001 నాటి ఇంటెల్ 64 బిట్ల చిప్పు ఇటానియం పాత 32 బిట్ల ప్రోగ్రాములను నడపడంలో నీరసపడింది. పాతవాటిని వదలకుండానే 64 బిట్లకు చేర్చిన ఏఎండీ చిప్పు ఆప్టెరాన్ 2003లో వచ్చింది. మరుసటి ఏడాది ఇంటెల్ కూడా ఆ బాటే పట్టింది.

మరి 128? ఆ తొందర కనిపించదు. ఎక్స్86 చిప్పులు వర్చువల్ చిరునామాలకు చాలాకాలం 48 బిట్లే వాడాయి. దానికే 256 టీబీ అందుతుంది. తర్వాత వచ్చిన 57 బిట్ల పద్ధతికి చిరునామాలను వెతికే పేజీ పట్టికల్లో ఇంకో అంతస్తు వేయాల్సి వచ్చింది. చిరునామా పొడవు రెట్టింపైతే ప్రాసెసర్ పక్కనుండే చిన్న మెమరీ క్యాష్‌లో పట్టే చిరునామాలు సగమవుతాయి. 1999 నాటి ఇంటెల్ ఎస్‌ఎస్‌ఈ రిజిస్టర్లు 128 బిట్లవే అయినా, అవి చిన్న సంఖ్యలను గుంపుగా మోసేవి. వాటిని వర్డు అనలేం. రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆదేశాల ప్రమాణం వారు 128 బిట్ల రూపాన్ని కాగితం మీద గీసిపెట్టారు, అంతే.

అయితే 1978లోనే ఐబీఎం సిస్టమ్/38 పాయింటర్లకు, అంటే మెమరీ చిరునామాను మోసే విలువలకు, 128 బిట్లు కేటాయించింది. ఆ దూరదృష్టి వల్లే దాని వారసుడు ఏఎస్/400 1995లో 48 బిట్ల నుంచి 64 బిట్లకు మారినప్పుడు ప్రోగ్రాములను తిరగరాయనక్కర్లేకపోయింది. 128 ఎప్పుడైనా వస్తే భద్రత దారినే రావచ్చు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, ఎస్‌ఆర్‌ఐ సంస్థ కలిసి రూపొందించిన చెరీ అనే మెమరీ భద్రతా పద్ధతిలో పాయింటర్ 128 బిట్లది: చిరునామాకు 64, మిగతావి హద్దులకు, అనుమతులకు. 2022లో ఆర్మ్ మోరెల్లో బోర్డులతో దాన్ని పరీక్షకు పెట్టింది. విడిగా ఒక ట్యాగ్ బిట్ కాపలా ఉంటుంది. పాయింటర్‌ను దొంగచాటుగా మారిస్తే ఆ బిట్ చెరిగిపోయి, ప్రాసెసర్ దాన్ని వాడనివ్వదు.