సాలామిశ్రి: ఒక పేరు నడచిన దారి

బస్తరు సాలవనములలో యూలోఫియా అను ఆర్కిడ్ ప్రజాతికి చెందిన మొక్కలు కలవు. మధ్య భారతమున వాని దుంపలు సాలామిశ్రి అను పేర మూలికల అంగళ్లకు చేరును. పేరు విన్నవారికి ఇది సాలవృక్షమునుండి వచ్చినదని తోచవచ్చును. కాని ఆ మాట పుట్టినది అడవిలో కాదు.

ఐరోపా పచ్చికబయళ్లలో వసంతమున ఊదాపూలు పూచు చిన్న మొక్కకు లిన్నేయసు 1753లో ఆర్కిస్ మోరియో అని పేరిడెను. 1997లో శాస్త్రజ్ఞులు దానిని అనకాంప్టిస్ ప్రజాతిలో చేర్చిరి. ఆర్కిస్ అనగా గ్రీకున వృషణము. నేలలోని జంట దుంపలను చూచి పెట్టిన పేరది. అరబ్బులు అదే పోలికను నక్కకు అంటగట్టిరి. నక్కకు వారి మాట సఅలబ్. దానినుండి తుర్కీల సాలెప్, లండను వీథులలో అమ్మిన సాలూప్ అను పానీయము, మన సాలామిశ్రి ఏర్పడినవి. మిశ్రి యనగా ఈజిప్టు దేశపుదని అర్థము.

ఆ జంటలో ఒక దుంప ఈ యేటి పూవును పోషించి వడలిపోవును. రెండవది వచ్చు ఏటి మొక్కకు మూలధనము. వర్తకుడు కోరునది ఈ రెండవదానినే. విత్తనములు ధూళివంటివి, నేలలోని శిలీంధ్రముల తోడు లేనిదే అవి మొలకెత్తవని నోయెల్ బెర్నార్డ్ 1899లో కనుగొనెను. కావున త్రవ్విన చోట మరల మొక్క లేచుట సులభము కాదు.

మన దేశమున ఈ సరకునకు గిరాకి యుండుటచే యూలోఫియా దుంపలు దాని స్థానమున నిలిచినవి. పరదేశపు మొక్క పేరు స్వదేశపు మొక్కను కప్పివేసినది.

ఇందుకు భిన్నమైన మార్గమొకటి తెలుగునాట కనబడును. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795 మొదలు 1820 వరకు వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున, లాటిన్ పేరుతోపాటు స్థానికులు పలుకు తెలుగు పేర్లను గ్రహించెను. అందు ఆర్కిడ్‌లును కలవు. ఆ పేర్లు మిగిలినవి. చిత్రములు గీచిన దేశీయ చిత్రకారుల పేర్లు మాత్రము ఆ పుటలకెక్కలేదు.

బస్తరున గోండి, హల్బీ, దోర్లీ మాటలాడువారు నేటికిని అడవిని తమ పలుకుబడితోనే గుర్తింతురు. ఇంద్రావతి, శబరి నదులు ఆ అడవి నీటిని గోదావరికి చేర్చుచున్నవి. అక్కడి మాటలు మాత్రము మన నిఘంటువులకు అంత సులభముగా చేరుట లేదు. 1975లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఆర్కిడ్ కుటుంబపు వ్యాపారమునకు హద్దులేర్పరచినది. కాని అంగడిలో ఒకే పేర పలు మొక్కలు అమ్ముడగుచుండ, ఏది తరిగిపోవుచున్నదో చట్టమునకు తెలియుట యెట్లు? త్రవ్వువాని నోట దానికి వేరు పేరున్నది. అంగడిమాట ప్రక్కన ఆ అడవిమాటను వ్రాసికొనుట భాషాసేవ మాత్రమే కాదు. ఆ మొక్క నిలుచుటకును అది ఆధారము.