వెబ్‌సైట్ స్పీడ్: పేజీ లోడ్ అయ్యేలోపే కస్టమర్ జంప్.. చిన్న వ్యాపారులకు తెలియకుండా జరిగే నష్టం ఇదే!

ఫోన్‌లో యాడ్ చూశారు. బాగుందనిపించి లింక్ నొక్కారు. తెల్ల స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు సెకన్లు.. అంతే, బ్యాక్ నొక్కేసి వేరే షాపు పేజీకి వెళ్లిపోయారు. ఇలాంటి కస్టమర్ ఒకరు వచ్చి వెళ్లిన సంగతి కూడా ఆ షాపు ఓనర్‌కు తెలియదు. కానీ క్లిక్‌కు ఇంత అని మాట్లాడుకున్న యాడ్ డబ్బులు మాత్రం కట్ అయిపోయాయి.

మామూలు దుకాణంలో గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన మనిషి కనిపిస్తాడు. ‘ఏం కావాలండీ’ అని పిలవొచ్చు. వెబ్‌సైట్‌లో ఆ ఛాన్స్ లేదు. పేజీ స్లోగా ఉందని ఫోన్ చేసి చెప్పే కస్టమర్లు చాలా తక్కువ. మొబైల్‌లో పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే 53 శాతం విజిట్లు మధ్యలోనే ఆగిపోతున్నాయని 2016లోనే గూగుల్ చెప్పింది. అది పాత లెక్కే. అప్పటికంటే ఇప్పుడు నెట్ స్పీడ్ పెరిగింది. జనం ఓపిక మాత్రం పెరిగినట్టు లేదు.

ఓనర్‌కు ఎందుకు తెలియదు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఓనర్ తన సైట్‌ను రోజూ తన ఫోన్‌లోనే చూస్తాడు. ఒకసారి ఓపెన్ చేసిన పేజీలోని లోగో, ఫొటోలు చాలావరకు ఆ ఫోన్‌లోనే సేవ్ అయి ఉంటాయి. దీన్నే క్యాషే అంటారు. పైగా షాపులో వైఫై. దాంతో సైట్ టక్కున తెరుచుకుంటుంది. మొదటిసారి వచ్చే కస్టమర్‌కు ఈ సౌకర్యం ఏదీ ఉండదు. పాత ఫోన్ తీసుకుని, వైఫై ఆపి, ఇన్‌కాగ్నిటో మోడ్‌లో, నెట్ రద్దీగా ఉండే సాయంత్రం పూట సైట్ ఓపెన్ చేస్తే అసలు విషయం బయటపడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫొటోలే పెద్ద బరువు

పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే చిన్న వ్యాపారిని ఉదాహరణగా తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ దాకా ఉంటుంది. అలాంటివి 12 ఒకే పేజీలో పెడితే 48 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్ల స్పీడ్ ఉన్నా అవన్నీ దిగడానికి దాదాపు 38 సెకన్లు పడుతుంది. బస్సులో వెళ్తూ చూసేవారికి ఆ స్పీడ్ కూడా గ్యారంటీ లేదు. అదే ఫొటోల సైజు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి, ఒక్కోటి 150 కేబీకి తెస్తే మొత్తం 1.8 ఎంబీయే. అంటే ఒకటిన్నర సెకను పని.

‘సైజు తగ్గిస్తే చీర నేత ఎలా కనిపిస్తుంది?’ అనే డౌట్ రావడం సహజం. నిజమే, దగ్గరగా చూడకుండా ఇక్కత్ చీర ఎవరూ కొనరు. అందుకే లిస్ట్ పేజీలో చిన్న ఫొటోలు పెట్టి, కస్టమర్ ఒక చీరను నొక్కినప్పుడే పెద్ద ఫొటో వచ్చేలా సెట్ చేయించుకోవాలి. కింద ఉన్న ఫొటోలు స్క్రోల్ చేసినప్పుడే లోడ్ అయ్యేలా చేయొచ్చు. దీన్ని లేజీ లోడింగ్ అంటారు. వెబ్ డిజైనర్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. అడగకపోతే కొందరు చేయరంతే.

హంగులతో ఇబ్బంది

చాట్ బాక్స్, పాపప్, తిరిగే బ్యానర్, దానంతట అదే ప్లే అయ్యే వీడియో.. ఒక్కోటీ తన వెంట కొంత కోడ్ తెస్తుంది. తక్కువ ధర ఫోన్ ఆ కోడ్‌ను నడపలేక నడపలేక నడుపుతుంది. పేజీ కనిపిస్తూనే ఉంటుంది, బటన్ నొక్కితే మాత్రం కదలదు. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి మొదలుపెట్టిన రెడ్‌బస్ ఈ సమస్య మీదే పని చేసింది. నొక్కిన వెంటనే పేజీ స్పందించేలా మార్పులు చేశాక ఆ సంస్థ అమ్మకాలు 7 శాతం పెరిగాయని గూగుల్ ప్రచురించిన కేస్ స్టడీ చెబుతోంది. అది పెద్ద కంపెనీ, చిన్న షాపుకు అంతే పెరుగుతుందని లెక్క వేసుకోకూడదు. కానీ సమస్య ఇద్దరికీ ఒకటే.

సర్వర్ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. చవకగా వస్తోందని అమెరికా సర్వర్ తీసుకుంటే, ఇక్కడి నుంచి డేటా వెళ్లి తిరిగి రావడానికే పావు సెకను దాకా పడుతుంది. పేజీ మొదలయ్యేలోపే ఇలా మూడు, నాలుగు సార్లు తిరగాలి. సీడీఎన్ అనే సర్వీస్ వాడితే సైట్ ఫొటోలు, ఫైళ్ల కాపీలు కస్టమర్‌కు దగ్గర్లోని నగరంలోనే ఉంటాయి. ఉచిత ప్లాన్లు కూడా ఉన్నాయి. డాలస్‌లోని తెలుగు వాళ్లకు పచ్చళ్లు పంపే వ్యాపారికి ఇది రెండు వైపులా ఉపయోగమే.

గూగుల్ ఏం చూస్తుంది?

మొబైల్ సెర్చ్ ర్యాంకింగ్‌లో 2018 జులై నుంచి పేజీ స్పీడ్‌ను గూగుల్ లెక్కలోకి తీసుకుంటోంది. 2021లో కోర్ వెబ్ వైటల్స్ వచ్చాయి. పేజీలో పెద్దగా కనిపించే ఫొటో లేదా టెక్స్ట్ 2.5 సెకన్లలోపు రావాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందన ఉండాలి. మూడోది స్థిరత్వం. ‘కొనండి’ బటన్ నొక్కబోతుంటే పైన బ్యానర్ ఊడిపడి బటన్ కిందికి జరిగిపోతుంది చూడండి, అది ఉండకూడదు. అయితే స్పీడ్ ఒక్కటే ఉంటే ర్యాంక్ రాదు, కస్టమర్ వెతికిన సమాచారం పేజీలో ఉండాలి.

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ టూల్‌లో సైట్ అడ్రస్ ఇస్తే ఉచితంగా 100కు స్కోర్ వస్తుంది. 90 దాటితే బాగున్నట్టు. విజిటర్లు తక్కువగా ఉన్న సైట్లకు నిజమైన యూజర్ల డేటా అందులో కనిపించకపోవచ్చు, టెస్ట్ స్కోర్ మాత్రమే ఉంటుంది. అది కూడా ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. కాబట్టి ‘స్కోర్ 100 చేసి పెడతాం’ అంటూ వేలు అడిగే వాళ్లకు డబ్బులు కట్టే ముందు, ఆ పాత ఫోన్‌లో పేజీ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటోందో చూసుకోవడం మంచిది.

కొత్తగా సైట్ చేయించుకునేవారు డిజైనర్‌కు చివరి వాయిదా ఇచ్చేలోపే ఈ టెస్ట్ చేయాలి. ఇప్పటికే సైట్ ఉన్నవారు ముందు ఫొటోలు, తర్వాత అక్కర్లేని హంగులు, ఆ తర్వాతే హోస్టింగ్ మార్పు గురించి ఆలోచిస్తే ఖర్చు కలిసొస్తుంది. యాడ్ లింక్ కూడా ఒకసారి చూసుకోవాలి. చీర చూసి నొక్కినవారిని హోమ్ పేజీకి కాకుండా నేరుగా ఆ చీర పేజీకే తీసుకెళ్తే, కస్టమర్‌కు ఒక పేజీ లోడింగ్ తప్పుతుంది.