దారి మూసిన సైకిల్ యాత్ర: పేరు ఇవ్వాలా, వద్దా?

మోటారు బండ్లను ఆపేసి, వేలమంది ఒకే దారిలో సైకిల్ తొక్కే కార్యక్రమాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటిలో పేరున్నది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ సైకిల్ టూర్. 1978లో మొదలైంది, దూరం 109 కి.మీ. మన దగ్గర అలాంటి ప్రకటన చూసి పిల్లలు పేరిస్తామంటే, దాన్ని ఉదాహరణగా పెట్టుకొని మూడు సంగతులు చూడండి.

గడువు: అక్కడ 7 గంటల్లో ముగించాలి. అంటే సగటున గంటకు దాదాపు 16 కి.మీ. నీళ్లకు, పంక్చరుకు ఆగిన సమయమూ అందులోదే. కాళ్లు అలిసిపోయిన చివరి భాగంలో పెద్ద ఎత్తు ఎక్కాలి.

గుంపు: బండ్లు రావు కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదు. ముందువాడు గబుక్కున బ్రేకు వేస్తే వెనకవాళ్లు మీద పడతారు. వంకరలు పోకుండా తొక్కడం, చెయ్యి చూపి పక్కకు జరగడం ముందే రావాలి. హెల్మెట్ తప్పనిసరి.

వాతావరణం: 2015లో కార్చిచ్చు వల్ల దూరాన్ని 47 కి.మీ.కు కుదించారు. 2017లో పెనుగాలికి రద్దే చేశారు. కట్టిన రుసుము తిరిగి ఇస్తారో లేదో ముందే అడగండి.

వయసు నిబంధన చదివాక, పెద్దల తోడుతో ఒక ఆదివారం అసలు దూరంలో మూడింట రెండు వంతులు తొక్కి చూడండి. గడువులో మూడింట రెండు వంతుల్లోనే అది పూర్తయి, మర్నాడు బడికి మామూలుగా రాగలిగితే పేరివ్వండి. లేకపోతే తక్కువ దూరం ఎంచుకోండి. స్నేహితులు చేరారన్నది కారణం కాదు. ఈ ఏడు వద్దనుకున్న పిల్లల్ని పిరికివాళ్లనకండి, వచ్చే ఏటికి సాధన చేయించండి.