మడమ ఎముక: నూరేళ్ళ సందిగ్ధం

పాల్వంచ దాటి భద్రాచలం దారి పట్టితే పొలాల గట్లమీద తాటిచెట్లు, లోపలి కోయగూడేల వైపు జీలుగు చెట్లు కనిపిస్తాయి. మోకు జారిన గీత కార్మికుడు నిట్టనిలువుగా పాదాలమీద పడితే ఒంటి బరువంతా మడమ ఎముకే మోయవలసి వస్తుంది. పలుచని పెంకు, లోపలంతా సన్నని గుల్లలు. (మా ఊరి పాత స్పాంజ్ ఐరన్ కర్మాగారం ఎరిగినవారికి ఈ పోలిక చాలు.) అది విరగడం కంటే నలగడమే ఎక్కువ.

దీనిని మళ్ళీ నిలబెట్టడానికి వైద్యులు పడిన పాట్లు చదువుతున్నప్పుడు, వారి విజయాలకన్నా వారి సందిగ్ధమే నన్ను ఆకట్టుకున్నది. 1908లో అమెరికా వైద్యుడు కాటన్ మడమకు ఒకవైపు ఇసుకసంచి ఆనించి, రెండవవైపు ఫెల్టు చుట్టిన సుత్తితో కొట్టి, ఉబికిన ఎముకను లోపలికి నెట్టేవాడు! 1931లో వియన్నా వైద్యుడు లోరెంజ్ బోలర్ ఎక్స్‌రేలో చూపిన కోణం నేటికీ కొలమానమే. మామూలు మడమలో అది 20 నుండి 40 డిగ్రీలు. ఎముక కుంగినకొద్దీ తగ్గుతుంది. పారాచూట్ సైనికులకు వైద్యం చేసిన ఎసెక్స్-లోప్రెస్టి ఈ గాయాలను రెండు రకాలుగా విభజించాడు. ఆ వ్యాసం వెలువడిన 1952 నాటికి ఆయన లేడు.

అయితే శస్త్రచికిత్సకు అసలు అడ్డంకి ఎముక కాదు, చర్మం. మడమ వెలుపలి వైపు చర్మం కింద కండ ఉండదు. దెబ్బ తగలగానే పాదం ఉబ్బి బొబ్బలెక్కుతుంది. అప్పుడే కోస్తే గాయం మానక చీము పట్టే ప్రమాదం. అందుకే వాపు దిగి, చర్మంమీద ముడతలు కనిపించేదాకా వారమో రెండు వారాలో ఆగుతారు. సీటీ స్కాన్ ఆధారంగా 1993లో శాండర్స్ చేసిన వర్గీకరణతో ఏ మడమను కోయాలో తేల్చుకోవడం కొంత తేలికైంది. ఎల్ ఆకారపు కోత, ప్లేటు, స్క్రూలు వాడుకలో స్థిరపడ్డాయి.

2014లో బ్రిటన్‌లో 151 మందిపై వెలువడిన పరిశోధన మళ్ళీ సందేహం రేపింది. రెండేళ్ళ తరువాత చూస్తే కోసినవారికీ కోయనివారికీ నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కోసినవారికి చిక్కులు మాత్రం ఎక్కువ. మడమ ఆకారం బొత్తిగా చెడినవారిని అందులో చేర్చలేదన్నది మరువరాదు.

నాకు మరొక సంశయం. పాదాన్ని పక్కలకు వంచే కీలు మడమ ఎముక పైనే ఉంది. అది బిగుసుకుపోయినా చదునైన నేలమీద నడవవచ్చు. తాటిబోదెకు అరికాలు ఆనించి ఎక్కేవాడి సంగతేమిటి? 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలు జారినా మనిషి నేలదాకా పడకుండా పట్టి ఉంచే తాళ్ళవి.