ట్యాంకు నిండకుండానే ‘టక్’మని ఆగిపోతోందా? తేడా బంకులోనా, బండిలోనా ఇలా తేల్చుకోండి

మిర్చి సీజన్‌లో మాచర్ల, దుర్గి, గురజాల వైపు నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు తోలే పికప్ డ్రైవర్లు లోడు ఎత్తే ముందే డీజిల్ ఫుల్ కొట్టిస్తారు. కొందరికి అక్కడే చిక్కొచ్చి పడుతుంది. గన్ పెట్టి నొక్కితే రెండు లీటర్లకే ‘టక్’మని ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే అర లీటరు, మళ్లీ ‘టక్’. వెనక బండ్లు హారన్లు కొడుతుంటాయి. ‘‘మీ పంపులో తేడా ఉంది’’ అని డ్రైవరు, ‘‘మీ బండిలోనే ఉందన్నా’’ అని బంకు కుర్రాడు. ఐదు నిమిషాల పని అరగంట పడుతుంది.

చాలాసార్లు బంకు కుర్రాడి మాటే నిజం. అలాగని అతని మాట మీద నమ్మకం పెట్టుకుని వెళ్లిపోనక్కర్లేదు. తేడా ఎక్కడుందో మీరే తేల్చుకోవచ్చు. బండి ఓనరు ఒకరు, తోలేవారు మరొకరు అయితే ఇది ఇంకా ముఖ్యం. ఫుల్ కొట్టించమని డబ్బు పంపితే, పన్నెండు లీటర్ల బిల్లు ఒకటి, తొమ్మిది లీటర్ల బిల్లు మరొకటి తెచ్చిన డ్రైవరును దొంగలా చూసే ఓనర్లున్నారు. అసలు దొంగ బండి కింద చిటికెన వేలంత రబ్బరు పైపు కావచ్చు.

గన్ దానంతటదే ఎందుకు ఆగుతుంది?

బంకులో గన్ చివరి గొట్టం కొసన చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం పారుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి వెళ్తుంటుంది. ట్యాంకు మెడలో డీజిల్ పైకి వచ్చి రంధ్రాన్ని కప్పేస్తే గాలి ఆగిపోతుంది. అప్పుడు గన్ లోపల పుట్టే పీల్పుడుకు ఒక పలుచటి పొర కదిలి, లీవరును వదిలేస్తుంది. అదే మనకు వినిపించే ‘టక్’. ఇందులో కరెంటు లేదు, సెన్సార్ లేదు.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే. ట్యాంకు నిండిందో లేదో గన్‌కు తెలియదు. తన కొసన ఉన్న రంధ్రం మునిగిందా లేదా అన్నదే దానికి తెలుసు. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నా మెడలో డీజిల్ నిలిస్తే చాలు, అది ఆగిపోతుంది.

మరి డీజిల్ మెడలో ఎందుకు నిలుస్తుంది? ట్యాంకులోకి లీటరు డీజిల్ వెళ్లాలంటే లీటరు గాలి బయటకు రావాలి. నూనె సీసా మూతికి గరాటు బిగించి పోస్తే ఏమవుతుందో వంటింట్లో చూసే ఉంటారు. నూనె గరాటులోనే ఆగిపోతుంది. గరాటును కాస్త పైకెత్తితే బుడబుడమంటూ దిగుతుంది. బండిలో ఆ పని చేసేది బ్రీదర్ పైపు. డీజిల్ పోసే లావు గొట్టం పక్కనే సన్నగా ట్యాంకు పైభాగం నుంచి మూత దగ్గరకు వస్తుంది. అది మూసుకుపోతే గాలికి దారి లేక, అదే గొట్టంలోంచి డీజిల్‌కు ఎదురొస్తుంది.

మూత నేరుగా ట్యాంకు మీదే ఉండే లారీల్లో ఈ బాధ తక్కువ. మూత ఒకచోట, ట్యాంకు మరోచోట ఉండి మధ్యలో పొడవాటి గొట్టం ఉన్న పికప్‌లు, జీపులు, కార్లలోనే ఎక్కువ.

ముందు బంకులోనే చూడాల్సినవి

గన్‌ను మొత్తం లోపలికి దూర్చకుండా ఒకటి రెండు అంగుళాలు వెనక్కి లాగి పట్టుకోమనండి. దాన్ని పావు వంతు పక్కకు తిప్పి, లీవరు సగమే నొక్కమనండి. డీజిల్‌కు నురగ ఎక్కువ. వేగంగా కొడితే నురగ పైకొచ్చి రంధ్రాన్ని కప్పేస్తుంది. లారీలకు వాడే వేగం పంపు దగ్గర ఆగితే మామూలు పంపుకు మారండి. నిదానంగా కొడితే నిండుతోందంటే గాలి దారి పూర్తిగా మూసుకుపోలేదు, ఇరుకైంది. ఒక్క బంకులోనే, ఒక్కసారే జరిగితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

తర్వాత వెనక బండిని గమనించండి. అదే గన్‌తో దానికీ ‘టక్ టక్’మంటుంటే తేడా గన్‌లో ఉంది. కొసనున్న రంధ్రంలో మురికి చేరినా, లోపలి పొర దెబ్బతిన్నా అలా జరుగుతుంది. వెనక బండికి గడగడా ఎక్కి, మీ బండికి మాత్రం రెండు మూడు వేర్వేరు బంకుల్లో ఇదే తంతు అయితే ఇక వాదన వద్దు. బండి కిందికి చూడాల్సిందే.

ఈలోపు ఇంకో సంగతి. చాలాదూరం నడిచిన బండి మూత తీయగానే ‘బుస్’మని గాలి లోపలికి పీల్చుకుంటోందా? గంట నడిచాక ఇంజిన్ పట్టు తప్పి ఆగిపోయి, మూత వదులు చేస్తే మళ్లీ స్టార్టవుతోందా? అయితే మూతలోనో, ట్యాంకు మీదో ఉండే గాలి రంధ్రం పూడిపోయింది. మూత పోయిందని బజార్లో దొరికింది కొని బిగించిన బండ్లలో ఇది కనిపిస్తుంది. చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని మూతలకు గాలి దారి ఉండదు. మీ మోడల్‌కు సరిపోయే మూతే తీసుకోండి.

బండి కింద ఏం వెతకాలి?

ఇంజిన్ చల్లారాక, చదునైన చోట, హ్యాండ్‌బ్రేక్ వేసి చూడండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదనుకుంటాం కానీ, షెడ్ల దగ్గర చూసింది వేరు కాబట్టి చెప్పక తప్పడం లేదు.

మూత దగ్గర నుంచి రెండు పైపులు దిగుతాయి. సన్నదాన్ని వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లండి. ఎక్కడో మడత పడి ఉండొచ్చు. వెనక తొట్టి మార్పించిన బండ్లు, పక్క రేకులు ఎత్తు చేయించిన బండ్లు, యాక్సిడెంట్ తర్వాత డెంటింగ్ చేయించిన బండ్లలో ఈ పైపు తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య నలిగిపోతుంది. ‘‘తొట్టి కట్టించిన దగ్గర నుంచే ఇలా’’ అని డ్రైవరు చెబితే సగం రోగం తెలిసినట్టే.

మడత లేకపోతే లోపల అడ్డం పడిందేమో చూడాలి. పల్నాడులో దీనికి కరువు లేదు. వానాకాలంలో చేలగట్ల వెంట నల్లరేగడి బురద. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లకు పొడి ధూళి. బ్రీదర్ కొస బయటికి తెరుచుకుని ఉండే మోడళ్లలో ఇది లోపలికి చేరి, డీజిల్ చెమ్మకు ముద్ద కడుతుంది. సీజన్ అయ్యాక నెలల తరబడి నిలిపేసిన బండ్లలో కుమ్మరి పురుగు సన్నటి గొట్టాల్లో మట్టిగూడు కట్టేస్తుంది. తీసి చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ గోలీ అంత మట్టి మూడు బంకులు తిప్పగలదు.

లావు గొట్టాన్నీ వదలొద్దు. బిగింపు జారి అది మధ్యలో వేలాడితే, ఆ వంపులో డీజిల్ నిలిచి గాలిని ఆపేస్తుంది. పాత రబ్బరు బయటికి బాగానే ఉన్నా లోపలి పొర ఊడి, తలుపులా అడ్డం పడుతుంది. గొట్టం మీద పగుళ్లు, కింద తడి మరక, ఫుల్ కొట్టించిన రోజు మాత్రమే వాసన ఉంటే దాన్ని వెంటనే మార్చేయండి. ఇది ట్యాంకు నిండని బాధ కాదు, నిప్పుతో పని. సైలెన్సర్ పైపు ఎంత దూరంలో ఉందో చూస్తే మీకే తెలుస్తుంది.

మరొకటి కొందరు చేజేతులా తెచ్చుకునేది. డీజిల్ దొంగల భయంతో మెడలో జాలీ వేయిస్తారు. భయం అర్థమయ్యేదే. కానీ జాలీ కళ్లు సన్నగా ఉంటే డీజిల్ దాని మీదే నిలిచి నురగ కట్టి గన్‌ను ఆపేస్తుంది. జాలీ వేయించిన వారంలోనే ఈ బాధ మొదలైతే ఇంకేదీ వెతకొద్దు.

సన్న పైపు శుభ్రం చేయాలంటే రెండు కొసలూ ఊడదీసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి చూస్తే సరి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిని నేరుగా ట్యాంకులోకి పెట్టనివ్వొద్దు. ట్యాంకు అతుకులు విచ్చుకునే ప్రమాదం ఉంది. నోటితో డీజిల్ పీల్చి చూసే అలవాటు అంతకంటే చెడ్డది. గొంతులోకి పోయే నాలుగు చుక్కలు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. పైపు మార్చాల్సి వస్తే ఇంధనానికి వాడే రబ్బరు పైపే అడగండి. నీళ్ల పైపు ముక్క డీజిల్‌కు ఉబ్బి మెత్తబడి, కొద్దిరోజులకే మళ్లీ మూసుకుంటుంది.

మెకానిక్ మొదటి మాటే ‘‘ట్యాంకు దించాలి’’ అయితే, ముందు ఈ రెండు పైపులూ చూడమని అడగండి. ట్యాంకు దించడం చివరి పని. అడుగున రాయి తగిలి లోపలికి సొట్ట పోయి ఉంటేనో, అడుగున తుప్పు, మడ్డి పేరుకుంటేనో అది తప్పదు. ట్యాంకు నిండినా ముల్లు మాత్రం ముప్పావు దగ్గరే ఆగితే అది ఫ్లోట్ జబ్బు. దానికి ఈ పైపులతో సంబంధం లేదు.

పెట్రోల్ బండి అయితే

పెట్రోల్ పికప్‌లు, కార్లలో గాలి దారి అంత సూటిగా ఉండదు. పెట్రోల్ ఆవిరి గాల్లో కలవకుండా బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని క్యానిస్టర్ అంటారు. ఆవిరిని అది పట్టి ఉంచి, తర్వాత ఇంజిన్‌కు పంపుతుంది. గన్ ఆగిపోయాక కూడా ‘‘రౌండ్ ఫిగర్ చేయండి’’ అంటూ కొట్టిస్తూ పోతే కొన్ని మోడళ్లలో పెట్రోలే ఆ డబ్బాలోకి చేరుతుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టదు, గాలినీ పోనివ్వదు. ఆ తర్వాత ట్యాంకు నిండటమే మానేస్తుంది. పెట్రోల్ బండి పైపులు ఇంటి దగ్గర విప్పొద్దు. సర్వీస్ సెంటర్‌లోనే చూపించండి.

మొదటి ‘టక్’కే ఆపమనడానికి ఇంకో కారణం మన ఎండలు. రెంటచింతల పేరు ఏటా వేసవిలో ఎందుకు వార్తల్లోకి వస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు. బంకులో ఇంధనం భూమి లోపలి ట్యాంకు నుంచి వస్తుంది కాబట్టి కాస్త చల్లగా ఉంటుంది. బండి ఎండలో నిలబడితే వేడెక్కి వ్యాకోచిస్తుంది. పెట్రోల్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.1 శాతం పెరుగుతుంది. అంటే 45 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే 0.9 లీటరు అదనం. డీజిల్ పెరుగుదల కొంచెం తక్కువ. ఆ అదనానికే ట్యాంకు పైన ఖాళీ వదులుతారు. దాన్ని కూడా నింపేస్తే బయటికి కారడమే మిగులుతుంది.

గన్‌తో నిండడం లేదని డబ్బాలో పట్టించుకుని గరాటుతో పోసుకునేవారూ ఉన్నారు. డీజిల్ సంగతి ఎలా ఉన్నా, పెట్రోల్‌తో ఆ పని ప్రమాదం. 2024 ఎన్నికల గొడవల తర్వాత పల్నాడులో సీసాలు, డబ్బాల్లో పెట్రోల్ అమ్మొద్దని పోలీసులు బంకులకు చెప్పిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

కొలతలోనే అనుమానం ఉంటే

గన్ పదిసార్లు ఆగినంత మాత్రాన మీటరు ఎక్కువ తిరగదు. తనలోంచి పారిన ఇంధనాన్నే అది లెక్కిస్తుంది. అయినా అనుమానం వస్తే, పరీక్షించమని అడగడం మీ హక్కు.

ప్రతి బంకులో ప్రభుత్వ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. దాన్ని మీ ఎదుట, చదునైన చోట పెట్టి అదే గన్‌తో 5 లీటర్లు కొట్టమనండి. పాత్ర మెడ మీది గీతల్లో 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు. అంతకంటే తగ్గితే ఆ పంపు నుంచి అమ్మకం ఆపాలి. కొలవడానికి ముందు పాత్రను ఒకసారి తడిపి వంపేయాలి. పొడి పాత్రలో కొలిస్తే గోడలకు అంటుకునే డీజిల్ లెక్క తప్పిస్తుంది. పరీక్షకు తీసినదాన్ని తిరిగి బంకు ట్యాంకులోనే పోస్తారు.

పంపులకు ఏటా ముద్ర వేసేది తూనికలు, కొలతల శాఖ. ఆ సర్టిఫికెట్ చూపించమని కూడా అడగొచ్చు. నాణ్యత మీద అనుమానమైతే సాంద్రత చూపించమనండి. బంకు రిజిస్టరులో నమోదైన అంకెకూ, మీ ముందు చూసిన అంకెకూ మధ్య తేడా 3 దాటకూడదు. వడపోత కాగితం మీద చుక్క వేసి చూసే పరీక్ష పెట్రోల్‌కే పనికొస్తుంది, డీజిల్‌కు కాదు.

ఒక గొడవ మాత్రం దాదాపు ప్రతిసారీ అపోహే. ‘‘మాన్యువల్‌లో 50 లీటర్లని ఉంటే 53 ఎలా పట్టింది?’’ అని అడుగుతారు. కంపెనీ చెప్పే అంకె పైన వదిలే ఖాళీని మినహాయించి చెప్పేది. మెడ గొట్టం కూడా అందులో లెక్కకు రాదు. గొంతుదాకా కొడితే అంకె దాటుతుంది. దీన్ని పట్టుకుని ఫిర్యాదు చేస్తే నిలవదు. 5 లీటర్ల పరీక్షలో తేడా వస్తే నిలుస్తుంది.

కొలపాత్ర పెట్టనంటే ఫిర్యాదుల పుస్తకం అడిగి, తేదీ, సమయం, పంపు నంబరు రాయండి. బిల్లు తప్పక తీసుకోండి. ఆయిల్ కంపెనీ అధికారి ఫోన్ నంబరు బంకు బోర్డు మీద ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2022 ఏప్రిల్ 4న పల్నాడు కొత్త జిల్లా అయ్యాక కలెక్టరేట్ నరసరావుపేటకే వచ్చింది కాబట్టి, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వొచ్చు. అర్జీకి బిల్లు జిరాక్సు, కొలపాత్ర మెడ దగ్గర తీసిన ఫొటో ఉంటే జత చేయండి. ఫొటో మాత్రం పంపుకు దూరంగా జరిగాకే తీయండి. ఇంధనం పోసే చోట మొబైల్ వాడకూడదు.