తుపాకీ, ఖబ్జా, కాగితం: మన చిత్తూరు ఇలాకా తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. లైసెన్సు తుపాకీ దగ్గరికొస్తే ఈ రెండూ ఒకటే. ఏ తేదీన ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో దఫ్తర్లో రాసి లేకపోతే ఆ తుపాకీకి చరిత్రే లేనట్టు. "అబ్బాజాన్ దోస్తు దగ్గర కొన్నారు, రొక్కం ఇచ్చారు, గవాహులు ఉన్నారు, ఇంకేం సబూత్ కావాలి?" అనే ఖాందాన్లు మన తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సవాలుకు జవాబు ఖానూన్‌లో ఉంది. కానీ ఖానూన్ అలా ఎందుకు తయారైందో మన నేల తారీఖ్ చదివితేనే అర్థమవుతుంది.

ఈ నేల చాలా జంగులు చూసింది. 1740 మే నెలలో పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో మరాఠాలతో పోరాడుతూ ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయాడు. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు పక్కనే, నరసింగరాయునిపేట విడిదిలో. ఆ జమానాలో జాగీరుకు సనదు ఉండేది, ఇనాముకు సనదు ఉండేది. భుజాన ఉన్న తుపాకీకి మాత్రం లైసెన్సు అనే మాటే లేదు. టిప్పు సుల్తాన్ కార్ఖానాల్లో తయారైన తుపాకులు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి మీద ఫార్సీ అక్షరాల్లో తయారైన చోటు, మౌలూదీ సన్ చెక్కి ఉంటాయి. ఆ తుపాకీ ఏ సర్కారుదో ఇనుమే గవాహీ చెప్పేది.

పాలెగాళ్ల సంగతీ అంతే. నరగంటి, కల్లూరు, పులిచెర్ల వంటి పాళేల్లో కావలి హక్కు ఎవరిదో ఆయుధం వాళ్లది. 1801లో కర్ణాటక నవాబుల ముల్క్ కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు, కంపెనీ ఫౌజు వాళ్లను అణిచేసింది. అక్కడి నుంచి తెల్లవాళ్ల హుకూమత్‌కు ఒకటే ఫికర్: జనం చేతిలో ఆయుధం ఎక్కడెక్కడ ఉంది? 1857 బగావత్ తర్వాత ఆ ఫికర్ ఇంకా పెరిగింది. వైస్రాయ్ లిట్టన్ హయాంలో 1878లో ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ తెచ్చారు. హిందుస్తానీకి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు. అందుకే ఈ చట్టం మీద మన పెద్దలకు అంత గుస్సా. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని పౌరుడి హక్కుల్లో చేర్చారంటే కారణం ఈ అవమానమే.

ఆజాదీ తర్వాత 1878 చట్టం పోయి 1959 ఆయుధ చట్టం వచ్చింది. 1962 అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది. గోరా, కాలా ఫరఖ్ పోయింది. ఆయుధం కన్నా ముందు కాగితం అనే ఉసూల్ మాత్రం మిగిలింది.

ఈ చట్టంలో నన్ను ఆపి మళ్లీ చదివించిన మాట ఒకటుంది: బదిలీ. మన బుజుర్గులు నేర్పిన లెక్కలో అమ్మితే బై, ఊరికే ఇస్తే హిబా, వాడుకుని తిరిగిమ్మంటే ఆరియత్, కిరాయికిస్తే ఇజారా. నాలుగూ నాలుగు వేర్వేరు మామ్లాలు. ఆయుధ చట్టం అమ్మకాన్ని పేరు పెట్టి చెప్పి, మిగతా మూడింటినీ, ఖబ్జా వదులుకోవడాన్ని కూడా 'బదిలీ' అనే ఒక్క మాట కిందికి తెచ్చింది. నియమాలు అమ్మకానికీ బదిలీకీ ఒకటే. అంటే దామాద్‌కు ముహబ్బత్‌తో ఇచ్చినా, పక్క ఊరి దోస్తుకు పంట కాపలాకని వారం రోజులు ఇచ్చినా ఖానూన్ కళ్లకు అది బదిలీయే.

ప్రైవేటు మనిషి ఇంకో ప్రైవేటు మనిషికి అమ్మడం నేరం కాదు. కానీ షరతులున్నాయి. తీసుకునేవాడికి ఆ ఆయుధం ఉంచుకునే ఇజాజత్ ముందే ఉండాలి. ఇచ్చేవాడు తన ఇరాదా ఏమిటో, ఎవరికి ఇస్తున్నాడో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక కనీసం 45 రోజులు గడవాలి. ఆ తర్వాతే చేయి మారాలి. మారాక ఇచ్చినవాడి లైసెన్సులోంచి ఆ ఆయుధం పోవాలి, తీసుకున్నవాడి లైసెన్సులో నంబరుతో సహా ఎక్కాలి.

కాబట్టి మిల్కియత్ సబూత్ అంటే స్టాంపు కాగితం మీద రాసుకున్న బైనామా ఒక్కటే కాదు. ఆ రాత డబ్బు ముట్టిందని చెబుతుంది, అంతే. అసలు సబూత్ మూడు చోట్ల ఉంటుంది: స్టేషన్‌లో లేదా కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినప్పటి ముట్టినట్టు రసీదు, ఇచ్చినవాడి లైసెన్సులో తొలగించిన ఎంట్రీ, తీసుకున్నవాడి లైసెన్సులో ఎక్కిన ఎంట్రీ. మూడిట్లోనూ ఆయుధం నంబరు ఒకటే ఉందో లేదో అంకె అంకె సరిచూసుకోవాలి.

కాగితం పోతే? లైసెన్సు ఇచ్చిన దఫ్తర్‌కు దరఖాస్తు పెట్టి ధ్రువీకరించిన నకలు అడగాలి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, గడువు 30 రోజులు. అవతలి మనిషి సొంత వివరాలు ఇవ్వకపోవచ్చు. కనుక మీ లైసెన్సు, మీ ఆయుధం నంబరు, ఎంట్రీ తేదీ వరకే అడగండి. మన వైపు ఇంకో చిక్కుంది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో, ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలు కలిపి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఇల్లు కదలకపోయినా దఫ్తర్ మారింది. తిరుపతిలో ఉంటూ పాత చిత్తూరు లైసెన్సు ఉన్నవాళ్లు ఫైలు ఇప్పుడు ఏ కలెక్టరేట్‌లో ఉందో ముందు తేల్చుకోవాలి.

అన్నిటికన్నా నాజూకైన మామ్లా విరాసత్. అబ్బా ఇంతిఖాల్ అయ్యాక ఆయన తుపాకీ నిషానీ అని గోడకు వేలాడుతూ ఉంటుంది. తుపాకీ విలువలో వారసులకు హిస్సా ఉంటుంది, బిడ్డలకూ బేవాకూ. లైసెన్సులో మాత్రం ఎవరికీ హిస్సా లేదు. అది ఆయన పేరుతో వచ్చింది, ఆయనతోనే ముగిసింది. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అమానత్ పెట్టి రసీదు తీసుకోవాలి. వారసుల్లో ఒకరు, మిగతావాళ్ల రజామందీతో, తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 ఆయుధ నియమాల్లో దీనికి దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా తన దగ్గరే ఉన్నా ఆయన బతికుండగానే వారసుడికి ఇప్పించుకునే వీలూ ఉంది. ఇవేవీ చేయకుండా ఇంట్లో ఉంచుకుంటే అది లైసెన్సు లేని ఆయుధం. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి సజా రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా.

రసీదు, నకలు, దాఖలా, రుజువు, దస్తావేజు: తెలుగు కచేరీల్లో రోజూ వినిపించే ఈ మాటలన్నీ అరబీ, ఫార్సీ నుంచి వచ్చినవే. మాటలు మన ఇళ్లలోవే అయినప్పుడు వాటి వెనక ఉన్న కాగితాలూ మన పెట్టెల్లో భద్రంగా ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు సలామత్‌గా ఉన్నప్పుడే కూర్చుని అడగండి: ఈ తుపాకీ ఎవరి నుంచి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, దాని కాగితం ఎక్కడుంది?